ఏదుపంది వడ్డించిన ఊదా దుంప

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక చెట్లూ పుట్టలూ ఉంటాయి, వాటి సంగతి అలా ఉంచండి. ఈ అడవికి ఒక కట్టుబాటు ఉండేది. కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి ముందు అది వినండి పిల్లలూ.

బయటి నుంచి ఏ జంతువైనా అక్కడికి కాపురానికి వస్తే, వచ్చీ రాగానే చోటు ఇచ్చేవాళ్ళు కాదు. వానలు మొదలయ్యేలోపు ఒక పూట ఆ అడవి పెద్దలు ముగ్గురికీ, అంటే కణితి అనే పెద్ద జింకకీ, ఎలుగుబంటికీ, నెమలికీ భోజనం పెట్టాలి. అదీ ఇక్కడ దొరికిన తిండి కాదు. తన చోటు నుంచి తనతో తెచ్చుకున్న తిండే వండి పెట్టాలి; అందులో కలిపే ఉప్పూ పులుపూ తేనే మాత్రం ఎక్కడివైనా పరవాలేదు. దానికి ఆకు కూడు అని పేరు. ముగ్గురి ముందూ మూడు మోదుగాకు విస్తళ్ళు వేస్తారు. పెద్దలు లేచాక మూడు విస్తళ్ళూ ఖాళీగా ఉంటే వచ్చినవాళ్ళకి చోటు దొరికినట్టే. ఏ ఒక్క విస్తట్లో ముక్క మిగిలినా వాగు దాటి వెళ్ళిపోవాలి.

"ఎవరి కూడు మన గొంతు దిగదో వాళ్ళతో మనకి పొత్తు కుదరదు" అని పెద్దలు చెప్పేవాళ్ళు. ఈ మాట మొదట అన్నదెవరో ఎవరికీ తెలియదు. కట్టుబాట్ల తీరే అంత. పుట్టించినవాళ్ళు పోతారు, పట్టుకు వేలాడేవాళ్ళు మిగులుతారు.

జంతువులకి పొయ్యి ఎక్కడిది, కుండ ఎక్కడిది అని మాత్రం అడక్కండి. మాటలు వచ్చినవాటికి వంట రాదా?

ఒక ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఆ అడవికి ఒక ఆడ ఏదుపంది వచ్చింది. దాని పేరు సింగారి. ఒళ్ళంతా ముళ్ళున్న పిల్లకి సింగారి అని పేరు పెట్టిన తల్లి ఎవరో గానీ, గుండె గలది. కిందటి తుఫానుకి సింగారి ఉండే కొండచరియ విరిగిపడింది. బొరియ మట్టిలో కలిసింది. మొగుడూ అందులోనే పోయాడు. సింగారి తన ముళ్ళకి గుచ్చుకోగలిగినన్ని దుంపలు గుచ్చుకుని, కడుపులో పిల్లల్ని మోసుకుంటూ నడిచి నడిచి ఇక్కడికి చేరింది.

వానలు పడేలోపు బొరియ తవ్వుకోవాలి. లేకపోతే పిల్లలు తడిలో పుడతారు. తడిలో పుట్టిన పసికూన బతకడం కష్టం. వాగు అవతలంతా బండరాయి. అక్కడ గోళ్ళు అరుగుతాయి గానీ గొయ్యి పడదు. అందుకని సింగారికి ఈ ఆకు కూడు నెగ్గడం తప్ప వేరే దారి లేదు.

అది తెచ్చుకున్నవి చిలగడదుంపలే. కానీ మీరెరిగినవి కావు. మనకి తెలిసినవి పైన ఎరుపు, లోపల తెలుపు. ఇవి పైన ఊదా, లోపల ఇంకా చిక్కటి ఊదా. విరిస్తే నేరేడుపండు విరిచినట్టే ఉంటుంది.

సింగారి తల్లీ, ఆ తల్లిని కన్న తల్లీ ఆ దుంపలు తినే బతికారు. వాటి గుణం సింగారికి బాగా తెలుసు. తవ్విన రోజే తింటే చప్పగా ఉంటాయి. నీడపట్టున పొడి ఇసకలో కొన్నాళ్ళు పడుకోబెడితే తోలు ముదిరి, లోపల తీపి చేరుతుంది. ఎర్రదుంపలాగా నీరు ఊరవు, మెత్తగా జారిపోవు. ఉడికిన తేగలాగా పొడిపొడిగా, బిగువుగా ఉంటాయి. తీపి కూడా నాలుక మీద పడగానే తెలియదు. నమలగా నమలగా వస్తుంది. వాటిని తోలు తియ్యకుండా వేడి బూడిదలో కప్పెట్టి నిదానంగా కాల్చాలి. ఆవిరి మీద ఉడికించినా బాగుంటాయి. నీళ్ళలో మాత్రం ముంచకూడదు. ముంచితే రంగూ రుచీ నీళ్ళపాలే. ఇదంతా ఎవరూ పాఠం చెప్పలేదు. తల్లి పొయ్యి రాజేస్తుంటే పక్కన కూచుని చూసి నేర్చుకుంది.

పెద్దలు దాన్ని అడవి అంచున ఒక చింతచెట్టు కింద ఉండమన్నారు. ఆకు కూడు అయ్యేదాకా అక్కడే. పక్క పొదలో ఒక కుందేలు కాపురం ఉండేది. కుందేలు మంచిదే. దాని జబ్బల్లా ఒకటే, ఎవరేమనుకుంటారో అన్న భయం. నలుగురి మాటలూ వినీ వినీ చెవులు సాగిపోయాయేమో అనిపించేది దాన్ని చూస్తే.

మర్నాడే కుందేలు పరామర్శకి వచ్చింది.

"పెద్దలకి ఏం పెడుతున్నావు చెల్లీ?"

సింగారి ఒక దుంప తీసి విరిచి చూపించింది. కుందేలు రెండు గెంతులు వెనక్కి వేసింది.

"ఇదేంటే, దెబ్బ తగిలి కమిలిపోయినట్టుంది."

"కమలలేదక్కా. దీని రంగే అంత."

"నాకంటే చెప్పావు గనక తెలిసింది. నలుగురికీ ఏం తెలుస్తుంది? నువ్వు వస్తుంటే నెమలిగారు కొమ్మ మీంచి చూశారట. కుళ్ళిన దుంపలు మోసుకొచ్చింది అన్నారట. ఇప్పుడు నలుగురూ అదే అనుకుంటున్నారు. కడుపుతో ఉన్నదానివి. నీ మంచి కోరి చెబుతున్నా, ఆ రంగు వదలగొట్టు."

కడుపుతో ఉన్నదానివి అన్న మాట దగ్గర సింగారి గట్టిదనం కాస్త సడలింది.

"రంగు ఎలా వదులుతుందక్కా?"

"తోలు చెక్కెయ్యి. సన్నగా ముక్కలు కొయ్యి. కుండ నిండా నీళ్ళు పోసి ఉడికించు. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించు. వదలక ఛస్తుందా?"

నీళ్ళలో ముంచకూడదని సింగారికి తెలుసు. తెలిసీ ముంచింది. కొత్తచోట మన తెలివి మనకే లోకువగా కనిపిస్తుంది, అదీ సంగతి.

కుండలో నీళ్ళు ఊదాగా మారాయి. పారబోసింది. మళ్ళీ మారాయి. మళ్ళీ పారబోసింది. చివరికి ముక్కలు వెలిసిన పాత గుడ్డలాగా అయ్యాయి. నోట్లో వేసుకుంది. నానిన చెక్కపొట్టు నమిలినట్టుంది.

కుందేలు వచ్చి కుండలోకి తొంగి చూసింది.

"రంగైతే తగ్గింది చెల్లీ. కానీ ఇప్పుడు బూడిదలాగా కనిపిస్తోందే. పెద్దల విస్తట్లో బూడిద పెట్టిందని అంటారేమో."

"ఎవరంటారు?"

"ఎవరో ఒకరు అంటారు. అనడానికి మనుషులు దొరకరా? జంతువులూ దొరుకుతాయి. ఇంకో ఉపాయం చెబుతా విను. వాగు కింద రేవులో చాకలివాళ్ళు మరకల గుడ్డల్ని దేంట్లో ఉడకేస్తారు? బూడిద నీళ్ళలో. ఎంతటి మరకైనా పోతుంది. ఈసారి దుంపల్ని బూడిద నీళ్ళలో ఉడికించు. మల్లెపూవులా తేలకపోతే నన్నడుగు."

"తిండిని చాకిరేవు పెట్టమంటావా అక్కా?"

"నీ ఇష్టం. వాగు దాటేది నువ్వు, నేను కాదుగా."

సింగారి పొయ్యిలో బూడిద తీసి నీళ్ళలో కలిపింది. తేరిన నీళ్ళు కుండలో పోసింది. ఇంకో వాయి దుంపలు కోసి వేసింది. కాసేపటికి మూత తీసి చూస్తే దుంపలు తెల్లబడలేదు. పచ్చబడ్డాయి. మామిడాకు పచ్చ కూడా కాదు, పాచిపట్టిన గుంట పచ్చ. కొంచెం నాలుకకి రాసుకుంది. కుంకుడు నురుగు నోట్లోకి పోయినట్టయింది. అటుగా వస్తున్న తొండ ఒకటి వాసన చూసి దారి మార్చుకుంది.

కుందేలు మాత్రం వెనక్కి తగ్గలేదు. సలహా చెప్పేవాళ్ళకి దుంపలు తరగవుగా.

"ఇదీ మన మంచికే. బూడిదకి పచ్చబడిందంటే, పులుపుకి విరుగుతుందన్నమాట. కంద దురదకి విరుగుడేంటి? పులుపు. చింతపండు వేసి పులుసు పెట్టు. పులుసు వద్దనేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు చెప్పు?"

చింతచెట్టు కిందే ఉంది గనక పండుకి కొదవ లేదు. సింగారి పులుసు పిసికి, మరో వాయి ముక్కలు కోసి అందులో వేసింది. పులుపు తగిలేసరికి ఊదా కాస్తా ఎరుపెక్కింది. ఉడికేకొద్దీ ఇంకా ఎర్రబడింది. నిజం చెప్పొద్దూ, పులుసు తినడానికి బాగానే ఉంది. సింగారి రెండు పూటలు అదే తింది కూడా. కానీ కుందేలు దాన్ని చూడగానే ముందరి కాళ్ళతో కళ్ళు మూసుకుంది.

"నెత్తురు కూడులా ఉందే తల్లీ. కణితి పెద్దమ్మ ఆకూ దుంపా తప్ప ముట్టదు. ఆవిడ విస్తట్లో ఇది వడ్డిస్తావా? పులి మిగిల్చిన ఎంగిలి అనుకుని అడ్డంగా పరిగెత్తుతుంది. ఆవిడ వెనక అడవంతా పరిగెత్తుతుంది."

సింగారి దుంపలు దాచిన చోటికి వెళ్ళింది. ఇసక తవ్వి చూసుకుంది. కొండ దిగినప్పుడు ముళ్ళు వంగిపోయేంత బరువు మోసింది. ఇప్పుడు ఇసకలో మిగిలినవి చిన్న కుప్ప. అవి విత్తనానికని దాచినవి. వాటి తలల దగ్గర అప్పుడే ఎర్రటి మొలకలు పైకొస్తున్నాయి. కొండ మీద తీగ కొండతోనే పోయింది. ఇవి కూడా అయిపోతే ఆ జాతి దుంప ఇక లేనట్టే.

ఆ సాయంత్రమే కాకి వచ్చి కబురు చెప్పింది. పెద్దలు రేపు పొద్దున్నే ఆకు కూడుకి వస్తున్నారని. పడమటి వైపు అప్పటికే మబ్బు పట్టింది.

కాకి ఎగిరిందో లేదో కుందేలు మళ్ళీ వచ్చింది. ఈసారి ఉత్తచేతుల్తో రాలేదు. ఒక చిన్న బుట్ట లాక్కుంటూ వచ్చింది. అందులో లోపల తెల్లగా ఉండే చిలగడదుంపలు ఉన్నాయి. ఆ అడవిలో అందరూ తినేవే.

"చెల్లీ, నోరు మూసుకుని ఇవి వండు. మా పొద కింద తవ్వినవి. మీ కొండ దుంపలివే అని చెప్పు. ఎవరు తవ్వి చూడొచ్చారు? ముగ్గురూ రోజూ తినేవే గనక మారు మాట్లాడకుండా తినేస్తారు. ఎల్లుండి నువ్వు హాయిగా బొరియ తవ్వుకోవచ్చు."

కుందేలు మనసులో కల్మషం లేదు. తన ఇంటి తిండి తగ్గించుకుని మరీ తెచ్చింది. సింగారికి అది తెలుసు. తెల్లదుంప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది పెడితే చోటు ఖాయం. పిల్లలు పొడినేల మీద పుడతారు. అడిగేవాళ్ళు లేరు.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. నలుగురూ అంటున్నారు అన్నావు చూడు, ఆ నలుగురూ ఎవరు?"

"ఎవరేంటి? నలుగురూ అంటే నలుగురే."

"పేర్లు చెప్పు."

కుందేలు చెవులు కదిలించింది.

"నెమలిగారు."

"ఒకటి."

"నెమలిగారు అన్నారని మా ఆయన అన్నాడు."

"రెండు."

"మా ఆయన అన్నాడని నేను..." అంటూ కుందేలు ఆగిపోయింది.

"అన్నది ఒక్కరు. మిగతా ఇద్దరూ మోసినవాళ్ళు. నాలుగోది నేనే అయ్యుంటాను, విని నమ్మాను గనక," అంది సింగారి. "ఆ ఒక్క నోటి కోసం నేను మూడు కుండలు పాడు చేశాను."

"చేశావు సరే. ఇప్పుడు దీంతో బాగుపడు."

సింగారి తెల్లదుంపని బుట్టలో పెట్టేసింది.

"నీ దుంపలు ఉంచుకోనక్కా, నీ మంచి మనసు మాత్రం గుర్తుంచుకుంటాను. రేపు ఇది మాదే అని పెడితే, ఎల్లుండి నుంచి బతికినన్నాళ్ళూ ఇది మాదే అంటూ ఉండాలి. మా దుంపని ఎవరూ చూడకుండా తినాలి. నా పిల్లలకి కూడా, ఎవరైనా వస్తే అది దాచండిరా అని నేర్పాలి. అలాంటి బొరియ ఎంత లోతుగా తవ్వినా అందులో నిద్ర పట్టదు."

"నిద్ర సంగతి తర్వాత. ముందు బొరియ ఉండాలిగా."

"ఉంటే ఉంటుంది. లేకపోతే వాగు దాటతాను."

"కడుపుతోనా?"

"కడుపుతోనే."

కుందేలుకి కోపం వచ్చింది. బుట్ట తీసుకుని పొదలోకి పోయింది. పోతూ పోతూ, "ముళ్ళు ఒంటి మీదే అనుకున్నాను, బుర్రలో కూడా ఉన్నాయి" అని వినపడేలా అంది.

సింగారి కత్తిలాంటి పళ్ళతో దుంపల తలలు మొలకతో సహా కొరికి వేరు చేసింది. వాటిని తడి నాచులో చుట్టి పక్కన పెట్టింది. ఇక్కడ కాకపోతే వాగు అవతల ఏ రాతి సందులోనైనా గుచ్చవచ్చు. మిగిలిన దుంపల్ని మట్టి దులిపి వరసగా పేర్చింది.

తెల్లవారుతూనే పొయ్యి రాజేసింది. మంట పెద్దది చెయ్యలేదు. కట్టెలు నిప్పులయ్యాక ఆ నిప్పుల్ని పక్కకి లాగి, వేడి బూడిదలో దుంపలు పరిచి, పైన బూడిద కప్పి, దాని మీద నిప్పులు సర్దింది. ఆ తర్వాత ఏమీ చెయ్యకుండా కూచుంది. ఈ వంటలో కష్టమైన పని అదే.

ఎండ చెట్ల మీదికి వచ్చేసరికి పెద్దలు ముగ్గురూ వచ్చారు. ముందు కణితి పెద్దమ్మ. ఆ అడవికి ఆవిడ మాటే చివరి మాట. వెనక ఎలుగుబంటి, అందరూ దొడ్డయ్య అంటారు. అన్నిటికంటే వెనక నెమలి, తోక నేలకి తగలకుండా చూసుకుంటూ. కుందేలు తన పొదలోంచే చెవులు నిక్కబొడిచి చూస్తోంది.

విస్తళ్ళు వేశారు. కూచున్నారు. సింగారి లేవలేదు.

"వడ్డించవేమే?" అన్నాడు దొడ్డయ్య.

"ఇంకా కాలాలి అయ్యా. తొందరపడితే పైన మాడుతుంది, లోపల తీపి రాదు."

"పిలిచి కూచోబెట్టి ఎదురుచూపులా?" అంది నెమలి. "మేము పనిలేక వచ్చామనుకుంటున్నావా?"

"తమరికి పనులుంటాయి. దుంపకి ఆ సంగతి తెలియదు కదండీ."

దొడ్డయ్య ముక్కు ఎగబీల్చాడు. బూడిద కింద నుంచి వాసన వస్తోంది. కాలిన తోలు వాసన, దాని వెనకే పాకం ముదిరిన బెల్లంలాంటి వాసన. ఆయన విస్తరి ముందుకి జరుపుకున్నాడు.

చివరికి సింగారి బూడిద తొలిచి దుంపలు బయటికి తీసింది. కొన్నిటిని అలాగే తోలుతో ఉంచింది. వాటి మీదికి ఉప్పూ మిరియాలూ దంచింది. మిగతావాటిని ఒలిచి, రోట్లో మెదిపి, తేనె కలిపి ఉండలు చేసింది. పొడిదుంప గనక తేనె తాగి చక్కగా ముద్ద కట్టింది. మూడు విస్తళ్ళలోనూ సమంగా వడ్డించింది. ఒక్కో దుంపనీ పెద్దల ముందే విరిచింది. ఆవిరి లేచింది. ఆవిరి కింద నల్లటి ఊదా మెరిసింది.

ఎవరూ చెయ్యి వెయ్యలేదు. పొదలో కుందేలు కళ్ళు మూసుకుంది.

"రంగు వేశావా, దాని రంగేనా?" అని అడిగింది కణితి పెద్దమ్మ.

"దాని రంగే పెద్దమ్మా. మా కొండ మీద ఇలాగే కాసేది. తియ్యడానికి మూడుసార్లు ప్రయత్నించాను. రంగుతో పాటు దుంపే పోయింది. అందుకని ఈసారి ఉన్నది ఉన్నట్టే పెట్టాను. తినాలనిపిస్తే తినండి."

"నేను ముందే చెప్పాను, కుళ్ళిన దుంపలని," అంది నెమలి.

"కుళ్ళిందో లేదో కంటికంటే ముక్కు బాగా చెబుతుంది," అంది సింగారి. "దొడ్డయ్యగారూ, మీ ముక్కు ఏమంటోంది?"

"ఎప్పుడు పెడతావంటోంది," అని దొడ్డయ్య ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. తర్వాత రెండో ఉండ. ఆ తర్వాత కాల్చిన దుంప తోలుతో సహా.

కణితి పెద్దమ్మ కొసన చిన్న ముక్క కొరికింది. కొరికి గబుక్కున మింగబోయింది. గొంతుకి అడ్డం పడింది.

"ఇదేంటి, పిండి మింగినట్టు పట్టేసింది."

సింగారి నీళ్ళు అందించింది.

"మింగే దుంప కాదు పెద్దమ్మా ఇది, నమిలే దుంప. నిదానంగా తినాలి."

పెద్దమ్మ నెమరు వేసే జాతి. నమలడం ఆవిడకి ఒకరు నేర్పాలా? రెండో ముక్క తీరిగ్గా నమిలింది. నమలగా నమలగా ఆవిడ తల కొంచెం పక్కకి వంగింది.

"తీపి వెనక నుంచి వస్తోంది," అంది. "దీని తీగ ఎలా ఉంటుంది?"

"నేల మీద పాకుతుంది. లేత చిగుళ్ళు కూడా తినొచ్చు. తీగ ఉంటే ఈపాటికి మీకు చిగుళ్ళు కూడా వడ్డించేదాన్ని. నాటడానికి చోటు లేదు."

పెద్దమ్మ విస్తరి ఖాళీ చేసింది.

ఇక నెమలి మిగిలింది. నెమలి ముక్కు చివరతో ఒక్క రవ్వ పొడిచింది. తర్వాత ఇంకో రవ్వ. మూడోసారి మెడ తనంతట తానే వంగింది. నెమలికి రుచి నచ్చింది. దాని బాధంతా అదే. కుళ్ళిన దుంప అని అడవంతా చెప్పి ఉంది. ఇప్పుడు లొట్టలు వేస్తే అన్న మాట ఏమైపోవాలి? మెడ నిటారుగా పెట్టుకుంది. విస్తరిని కాలితో అవతలికి నెట్టింది.

"నాకు వద్దు. ఈ రంగు తిండి నేను తినను."

"ఒళ్ళంతా నీలం పెట్టుకుని తిరుగుతారు కదండీ," అంది సింగారి.

"ఒంటి మీది రంగు వేరు, కంచంలో రంగు వేరు."

ఆ మాట అని నెమలి లేచి నిలబడింది. దాని విస్తట్లో సగం దుంపా, రెండు ఉండలూ అలాగే ఉన్నాయి. సింగారి వాటికేసి చూసింది. తినండి అని బతిమాలదామని నోటిదాకా వచ్చింది. తిన్న రుచిని ఒప్పుకోనివాళ్ళని బతిమాలి ఏం లాభం? వెనక్కి తిరిగి, తన కుండలు ఒకదాంట్లో ఒకటి సర్దడం మొదలుపెట్టింది. నాచులో చుట్టిన మొలకల్ని మీదికి తీసుకుంది. కడుపులో పిల్లలు కదిలారు. వాగు దాకా నడక ఎంతసేపో లెక్క కట్టుకుంటోంది. పైన మొదటిసారి ఉరిమింది.

పొదలోంచి కుందేలు గుసగుసగా అంది, "తెల్లదుంపలు ఇంకా బుట్టలోనే ఉన్నాయే."

సింగారి కుండలు సర్దుతూనే ఉంది.

ఈలోగా దొడ్డయ్య తన విస్తరి నాకడం పూర్తి చేశాడు. ఆయన కట్టుబాటు గురించి ఆలోచించే మనిషి కాదు, అదే, ఆలోచించే ఎలుగు కాదు. తిండి ముందుంటే ఆయనకి ఇంకో సంగతి గుర్తుండదు. పక్కకి చూశాడు. పక్క విస్తట్లో తేనె ఉండలు కనిపించాయి. వాటి దగ్గర ఎవరూ కూచుని లేరు. చెయ్యి చాచాడు. ఒక ఉండ, రెండో ఉండ, సగం దుంప. తర్వాత విస్తరి ఎత్తి, ఈనెల మధ్య ఇరుక్కున్న పొడి కూడా పోకుండా నాకి, మళ్ళీ నేల మీద పెట్టాడు.

కణితి పెద్దమ్మ లేచింది. ఆనవాయితీ ప్రకారం మూడు విస్తళ్ళ దగ్గరికీ నడిచింది. మొదటిది చూసింది. రెండోది చూసింది. మూడోది చూసింది. మూడోది కడిగినట్టు మెరుస్తోంది.

"మూడూ ఖాళీ," అంది. "కుండలు దింపవే సింగారీ. చోటు ఎక్కడ కావాలో చూసుకో."

నెమలి గిర్రున తిరిగింది.

"అదెలా కుదురుతుంది? నా విస్తరి నేను ఖాళీ చెయ్యలేదు."

"అయితే మిగిలింది ఏముందో చూపించు."

"దొడ్డయ్య తినేశాడు."

"తింటే తిన్నాడు. విస్తట్లో ముక్క మిగలకూడదన్నారు మనవాళ్ళు. ఎవరు తినాలో చెప్పలేదు. కూడు గొంతు దిగాలి అన్నారు, దిగింది. ఇద్దరి వాటా ఒక్క గొంతే దిగితే ఇంకా మంచి కూడన్నమాట."

నెమలి దొడ్డయ్యకేసి చూసింది. దొడ్డయ్య గడ్డానికి అంటిన తేనె తుడుచుకుంటూ, "నువ్వు వద్దన్నావు కదా?" అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఆ పూట నెమలి అర్ధాకలితోనే కొమ్మెక్కింది. వద్దన్న తిండి రుచి చాలాసేపు నోట్లో ఉండిపోయింది.

సింగారి చింతచెట్టుకి అవతల ఎత్తు మీద ఎర్రమట్టి నేల చూసుకుంది. గోరు పెట్టగానే మట్టి విడింది. తవ్వుతుంటే వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే కుందేలు. రెండు కాళ్ళతో మట్టి వెనక్కి తోస్తోంది.

"నేను నీ మంచికే చెప్పానే," అంది తల ఎత్తకుండా.

"తెలుసక్కా. ఆ మట్టి అటు కాదు, ఇటు తొయ్యి."

వాన పడేసరికి బొరియ సిద్ధమైంది. మొలకలు బొరియ ముందరి మెత్తటి నేలలో దిగాయి. పిల్లలు పొడినేల మీద పుట్టారు. తీగ పాకడం మొదలవగానే కణితి పెద్దమ్మ ఆ దారిన రోజూ నడవడం అలవాటు చేసుకుంది. దొడ్డయ్య అయితే పొద్దు పొడవగానే వచ్చి మడి పక్కన చతికిలబడేవాడు.

"దుంప వచ్చిందా?"

"నిన్ననే కదా అడిగారు అయ్యా. ఇంకా చాలా రోజులు పడుతుంది."

"సరే, కూచుంటాను," అనేవాడు దొడ్డయ్య.

నీతి: ఎవరేమనుకుంటారో అని వండితే కుండలే పాడవుతాయి, మనది మనదిగా నిజాయితీగా వడ్డించాలి, రుచి తెలిసినవాళ్ళు తింటారు, పంతం పట్టినవాళ్ళు పస్తుంటారు.